పందొమ్మిది దాటని వెర్నా

నాకు పాతికేళ్లకే తల నెరిసిపోయింది. మా అమ్మ వైపు వాళ్లందరికీ అంతే. ముందే ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, 1944 వసంతంలో, నాకు సరిగ్గా ముప్పై ఏళ్లున్నప్పుడు, నాకంటే నాలుగేళ్లు పెద్దదైన వెర్నా హాస్కెల్‌కి నేను పిన్నిని కావలసి వచ్చింది. స్టూడియో గేటు దగ్గర కాపలా ముసలాయన మొదలుకొని క్యాంటీన్‌లో గిన్నెలు తోమే అమ్మాయి దాకా అందరూ నన్ను "ఓపల్ పిన్నీ" అని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఎవరైనా అలా పిలిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నేను ఆ స్టూడియోలో బట్టలు కుట్టేదాన్ని. యుద్ధం జరుగుతున్నన్నాళ్లూ అక్కడ తీసినవన్నీ బడి సినిమాలే. కథ ఎప్పుడూ ఒకటే. బడిలో ఆటశాల కప్పు కారుతుంటుంది, దాన్ని మూసేస్తామంటారు. పిల్లలందరూ కలిసి పాటల నాటకం వేస్తారు. హెడ్మాస్టరు మొదట మండిపడతాడు, చివర్లో తనే గడ్డం ఊపుకుంటూ చిందులేస్తాడు. ఈ లోపల ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ పోట్లాడుకుని, అలిగి, ఐస్‌క్రీం కొట్లో రాజీ పడతారు. ఆ ఐస్‌క్రీం దీపాల వేడికి కరిగిపోతుందని మెత్తగా చిదిమిన ఉడకబెట్టిన బంగాళదుంపలు పెట్టేవాళ్లం. హీరోయిన్ దాన్ని చెంచాతో నాకుతూ కళ్లు మూసుకుని "ఆహా" అనేది. అది చూసి ఊళ్లో పిల్లలందరూ ఐస్‌క్రీం కావాలని ఏడ్చేవాళ్లు.

తరగతి గది కూడా అలాంటిదే. బల్లల కాళ్లకి చక్రాలు. పైన ఇనప రేకు, దాని మీద ఎక్కి డాన్స్ చేస్తే బూట్ల చప్పుడు గట్టిగా వినిపించాలని. సిరాబుడ్లు బల్లకి అతికించేసి ఉండేవి. పుస్తకాల్లో లోపల కాగితాలుండవు, ఉత్త అట్టలు. నల్లబల్ల మీద ఒక లెక్క రాసి ఉండేది. వరసగా మూడు సినిమాల్లో అదే లెక్క, ఎవరూ దాన్ని చెరపలేదు, ఎవరూ దాన్ని చదవలేదు. ఆ బడిలో ఎవరూ పరీక్ష తప్పరు. గంట కొడితే చాలు, పాట మొదలవుతుంది.

నేను పెదవి విరుస్తున్నట్టుంది కదూ. నిజమే, నాకు ఆ సినిమాలంటే చిరాకు. రోజంతా మడతల గౌన్లకి ఇస్త్రీ చేసే మనిషికి వాటి మీద ప్రేమ ఎలా ఉంటుంది? వెర్నాకి మాత్రం ప్రాణం.

వెర్నా ఆఖరి వరసలో డాన్సరు. చిన్న మనిషి. ముక్కు మీద మచ్చలు, రెండు జడలు, పొట్టి మేజోళ్లు. కెమెరా నిలబడ్డ చోటినుంచి చూస్తే పదహారేళ్ల పిల్లే. నేను టేపు పట్టుకుని నడుం కొలుస్తున్నప్పుడు చూస్తే మాత్రం ముప్పై నాలుగు. స్టూడియోలో తన వయసు పందొమ్మిదని చెప్పుకుంది. నేనెరిగిన నాలుగేళ్లుగా ఆ పందొమ్మిది కదల్లేదు.

ఆమెని ఏమీ అనడానికి లేదు, చిన్నప్పుడు అలా నేర్పారు. తల్లి ఒక నాటకాల బృందంతో ఊరూరా తిరిగేది. వెర్నా నాలుగో ఏట స్టేజీ ఎక్కింది. చిన్నపిల్లల చేత పని చేయిస్తున్నారని పట్టుకునేవాళ్లు ఉన్న ఊళ్లలో ఎత్తు మడమల బూట్లూ పొడుగు పరికిణీ తొడిగి పదహారేళ్లని చెప్పేవాళ్లు. మళ్లీ రైలెక్కగానే జుట్టు విప్పేసి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, అర టిక్కెట్టు వయసు చెప్పేవాళ్లు. "పొద్దున రైల్లో ఐదేళ్లు, సాయంత్రం స్టేజీ మీద పదహారు. మధ్యలో నా అసలు వయసు ఎక్కడ జారిపోయిందో నాకే తెలీదే ఓపల్!" అని నవ్వేది. బడికి మాత్రం ఒక్కనాడూ వెళ్లలేదు. చదవడం పోస్టర్ల మీద నేర్చుకుంది, లెక్కలు అడుగులు లెక్కపెట్టుకుంటూ నేర్చుకుంది. పెద్దయ్యాక శాక్సఫోన్ వాయించే ఒకణ్ణి పెళ్లి చేసుకుంది. వాడు వాద్యం పట్టుకుని వెళ్లి, వాద్యంతోనే ఉండిపోయాడు. అప్పటినుంచీ మేమిద్దరం ఒకే అద్దె గదిలో ఉన్నాం.

తను పని చేసిన సినిమాని డబ్బిచ్చి మరీ చూసే డాన్సర్‌ని నేను ఇంకొకర్ని చూడలేదు. ఒక శనివారం మధ్యాహ్నం ఆట చూద్దామని నన్నూ లాక్కెళ్లింది. హాలు నిండా నావికులే, ఓడలెక్కబోయే కుర్రాళ్లు. తెర మీద బడి గంట మోగగానే అందరూ కాళ్లతో నేలని దబదబా కొట్టారు. హెడ్మాస్టరు డాన్స్ చేస్తుంటే ఈలలు. మా పక్కన కూర్చున్నవాడికి గడ్డం కూడా సరిగ్గా రాలేదు. వాడు సినిమా అంతా నోరు తెరుచుకునే చూశాడు. చివర్లో వెర్నా వాణ్ణి అడిగింది.

"ఏరా అబ్బాయ్, బాగుందా?"

"చాలా బాగుందండీ. మా బళ్లో ఇలాగే ఉండేది."

"ఇలాగే? హెడ్మాస్టరు డాన్స్ చేసేవాడా?"

"అది కాదు గానీ..." వాడు టోపీ చేతుల్లో తిప్పుకున్నాడు. "నేను మధ్యలో మానేసి నేవీలో చేరానండీ. ఇలాగే ఉండుంటుంది."

బయటికి వచ్చాక వెర్నా, "చూశావా, బడి సగంలో వదిలేసిన వాళ్లకే ఇవి నచ్చుతాయి. చదువు పూర్తి చేసినవాళ్లకి అక్కడ ఏముంటుందో తెలుసు కదా," అంది. ఆ రోజునుంచీ ఆ సినిమాలని నేను మునుపటంత తిట్టలేదు. కొంచెం తక్కువ తిట్టాను.

ఇక భయం సంగతి. మా డాన్స్ మాస్టారు గస్ డెలానీకి ఒక నియమం ఉండేది. తరగతి గది పాటల్లో పాతికేళ్లు దాటినవాళ్లు ఉండకూడదు. యుద్ధానికి ముందు మా పక్క గదిలో ఉండే ఒక డాన్సరు పుట్టినరోజుకి ఎవరో కేకు తెచ్చి, తెలివితక్కువగా దాని మీద సరైన అన్ని కొవ్వొత్తులూ పెట్టారు. వారం తిరక్కుండా ఆ అమ్మాయి పేరు తీసేశారు. అప్పటినుంచీ వెర్నా కేకు కనిపిస్తే పక్కకి తప్పుకునేది. డాన్స్ తప్ప ఇంకేమీ రాదు. అది పోతే తన బతుకేమిటని ఆమెకి లోపల గుబులు. రాత్రుళ్లు మోకాళ్లకి వేణ్ణీళ్ల గుడ్డ వేసుకుంటూ, "ఇంకొక్క సినిమా ఓపల్, ఇంకొక్క సినిమా దాకా తెలీకూడదు," అనేది.

అలాంటప్పుడు మిస్ ప్రూయిట్ వచ్చింది.

సినిమాల్లో పని చేసే పిల్లలకి పద్దెనిమిది నిండేదాకా రోజూ మూడు గంటలు చదువు చెప్పాలని మా రాష్ట్రంలో చట్టం. సెట్టు వెనకాల ఒక చిన్న చెక్క గది, అందులో ఒక టీచరు. ఆ టీచరు ఆగమంటే కెమెరా కూడా ఆగాలి. పాత టీచరు విమానాల ఫ్యాక్టరీలో చేరిపోయింది. ఆమె స్థానంలో మిస్ ప్రూయిట్ వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. ఉద్యోగం కొత్త, కళ్లజోడు కొత్త, చట్టం పుస్తకం కంఠతా వచ్చు. వచ్చిన మొదటి వారంలోనే పద్దెనిమిదని చెప్పి పని చేస్తున్న పదిహేనేళ్ల పిల్లలిద్దర్ని పట్టుకుంది. ఇక ఆమెకి పట్టుకోవడం మీద మోజు కలిగింది. మా ఊళ్లో ఆడపిల్లలు చదువు తప్పించుకోడానికి వయసు పెంచి చెబుతారు. ఆమెకి నేర్పింది అదే, ఆమె చూసింది అదే. తగ్గించి చెప్పేవాళ్లు కూడా ఉంటారని ఎవరూ చెప్పలేదు.

ఒక పొద్దున వెర్నా జడలు అల్లుకుని, చేతిలో ఉత్త అట్టల పుస్తకం పట్టుకుని సెట్టు మీదికి వెళ్తోంది. నేను వెనకాల సూదీ దారంతో ఉన్నాను.

"ఆగమ్మాయ్," అంది మిస్ ప్రూయిట్. "నీ పేరేంటి?"

"వెర్నా హాస్కెల్ అండీ."

"వయసు?"

"పందొమ్మిది."

మిస్ ప్రూయిట్ పైనుంచి కిందికి చూసి నవ్వింది. "నాకు చెవిలో పువ్వులు పెట్టకు. పదహారుంటాయా నీకు?"

నేను దారం కొరకబోయి పెదవి కొరుక్కున్నాను.

"పుట్టిన కాగితం తీసుకురా. పందొమ్మిదైతే నీ దారిన నువ్వెళ్లు. తీసుకురాకపోతే నా లెక్కలో నువ్వు చిన్నపిల్లవే. మూడు గంటలు బడి, నాలుగు గంటలు పని. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా తోడుండాలి."

వెర్నా దగ్గర పుట్టిన కాగితం లేక కాదు. పెట్టె అడుగున ఉంది. 1910 ఏప్రిల్ అని ఉంది అందులో. అది చూపిస్తే టీచరు వదిలేస్తుంది, డెలానీ పట్టుకుంటాడు. చూపించకపోతే పదహారేళ్ల పిల్ల కావాలి. ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత తల వంచుకుని, "కాగితం పోయిందండీ టీచర్," అంది చిన్నపిల్ల గొంతుతో.

"తోడెవరున్నారు?"

అప్పుడు వెర్నా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నా మొహం వైపు కాదు, నా జుట్టు వైపు.

"మా పిన్ని ఇక్కడే పని చేస్తుందండీ," అంది.

ఆ సాయంత్రం గదికి చేరాక నేను ఎన్ని మాటలన్నానో ఇక్కడ రాయను. అన్నీ విని, "పిన్నీ, కోప్పడితే ఇంకా నెరుస్తుంది," అంది. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది గానీ చల్లారిపోయింది కాబట్టి సరిపోయింది.

నాకు ఆశ్చర్యం వేసింది డెలానీని చూసే. రోజుకి మూడు గంటలు ఒక డాన్సరు లేకుండా పోతుంటే మామూలుగా అయితే నిమిషంలో తీసేసి ఇంకొకర్ని తెచ్చుకుంటాడు. ఈసారి గొణుక్కున్నాడు, పెన్సిలు విరిచాడు, అంతే. ఆఖరి వరస కనిపించే షాట్లన్నీ మధ్యాహ్నానికి మార్చుకున్నాడు. ఆయన ఎందుకలా ఊరుకున్నాడో అప్పుడే ఆలోచించి ఉంటే మా ఇద్దరికీ ఆరు వారాల గుండెదడ తప్పేది.

అలా ముప్పై నాలుగేళ్ల వెర్నా బళ్లో చేరింది. సినిమాలో వేసుకునే గౌనుతోనే వెళ్లేది. ఆఖరి బెంచీ. పక్కన హీరోయిన్ ఐలీన్, పదిహేనేళ్లది, నోటి నిండా చూయింగ్ గమ్. నేను గుమ్మం బయట కుర్చీలో, తోడుగా వచ్చిన పెద్దదాని లాగా, చేతికుట్టు పని పెట్టుకుని కూర్చునేదాన్ని. కిటికీ తెరిచే ఉండేది, అన్నీ వినిపించేవి.

మొదటి వారం మాకిద్దరికీ నరకమే. మ్యాపులో పడమటి ఒడ్డున ఉన్న మా రాష్ట్రాన్ని చూపించమంటే తూర్పు సముద్రంలో వేలు పెట్టింది. భిన్నాలు అంటే ఏమిటో తెలీదు. ఐలీన్ పడీ పడీ నవ్వేది. "నీకు నిజంగా ఇంత తెలీదా, లేక టీచర్ని ఏడిపిస్తున్నావా?" అని అడిగేది. వెర్నా మాత్రం మొహం చిన్నబుచ్చుకునేది కాదు. "నిజంగా తెలీదే, చెప్పు," అనేది. రెండో వారంలో గదికి పుస్తకాలు తెచ్చుకుంది. ఈసారి లోపల కాగితాలున్నవి. మోకాళ్లకి వేణ్ణీళ్ల గుడ్డ వేసుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివేది. ఇంకొక్క సినిమా అనే మాట మానేసింది. "రేపు నదులు చెబుతారట," అనేది.

భిన్నాలు వచ్చిన రోజు మధ్యాహ్నం సెట్టు మీద గొడవ జరిగింది. షాటుకి ముందు వెర్నా నల్లబల్ల దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. తర్వాత సుద్దముక్క తీసుకుని ఏదో చెరిపి ఏదో రాసింది. షాటుకీ షాటుకీ తేడా రాకుండా చూసే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన తల పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేశావమ్మా! ఎందుకు చెరిపావ్?"

"లెక్క తప్పండీ. సగానికి మూడో వంతు కలిపితే అయిదింట రెండు ఎలా అవుతుంది? సగం కంటే తక్కువైపోయింది. ఆరింట అయిదు రావాలి."

"ఏదొస్తే నాకెందుకు! నిన్నటి షాటులో తప్పుంది. ఇవాళ కూడా తప్పే ఉండాలి. మళ్లీ తప్పు రాయి!"

వెర్నా మళ్లీ తప్పు రాసింది. రాస్తున్నప్పుడు ఆమె మొహం చూడాలి, దొంగతనం చేయిస్తున్నట్టు పెట్టింది. "మూడు సినిమాలుగా దీని ముందు డాన్స్ చేస్తున్నానే," అంది నాతో. సినిమాలో ఇప్పటికీ ఆ తప్పే ఉంటుంది. ఆమె డాన్స్ చేస్తూ చేస్తూ దాని వైపు ఓరగా చూడడం కూడా ఉంటుంది.

ఆరో వారంలో కొంప మునిగింది. ఆ రోజు చరిత్ర పాఠం. కిందటి యుద్ధం ఎలా ముగిసిందో మిస్ ప్రూయిట్ చెబుతోంది. ఆమె చెప్పేది బాగానే ఉంది గానీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతోంది, ఐలీన్ ఆవలిస్తోంది.

"యుద్ధం ఆగిన రోజున ప్రజలు ఎంతో సంతోషించారు," అని చదివింది మిస్ ప్రూయిట్.

"సంతోషం కాదండీ టీచర్, పిచ్చెక్కిపోయారు," అంది వెర్నా.

నా చేతిలో సూది ఆగిపోయింది. వెర్నా ఎక్కడుందో ఏమిటో మర్చిపోయింది. గొంతు కూడా ఆమె సొంత గొంతే వచ్చేసింది.

"మేం అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో రైలు కోసం చూస్తున్నాం. పొద్దున్నే చర్చి గంటలన్నీ ఒక్కసారి మోగాయి. అందరూ వంట గిన్నెలు పట్టుకుని వీధిలోకి వచ్చి గరిటెలతో వాయించారు. నన్నెవరో ఎత్తి పాలబండి మీద నిలబెట్టారు, నేను డాన్స్ చేశాను. ఎదురుగా బడి ఉంది. పిల్లలందర్నీ వదిలేశారు. వాళ్లు అరుచుకుంటూ బయటికి పరిగెత్తుకొచ్చారు. నేను బండి దిగి లోపలికెళ్లాను. ఎవ్వరూ లేరు. నల్లబల్ల మీద సగం రాసిన వాక్యం ఉంది. ఒక బెంచీలో కూర్చున్నాను. చేతులు ఇలా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. టీచరు వస్తుందేమో, నన్ను కూడా పేరు అడుగుతుందేమో అనుకున్నాను. ఎవరూ రాలేదు. అమ్మ వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్లింది, రైలొచ్చేసిందని."

ఐలీన్ వేళ్ల మీద లెక్క వేసుకుంటోంది. "ఆ యుద్ధం ఆగింది 1918లో కదా టీచర్?" అని అడిగింది.

వెర్నాకి అప్పుడు గుర్తొచ్చింది, చేత్తో నోరు మూసుకుంది. నేను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. మిస్ ప్రూయిట్ మొహం పాలిపోయింది. పుస్తకం మూసి, "ఇవాళ్టికి చాలు," అంది.

పావుగంట తర్వాత ఆమె నా కుట్టుగదికి వచ్చింది. వెర్నా అప్పటికే అక్కడ స్వెట్టర్ల గుట్ట మీద కూర్చుని ఉంది, ఉరి తీయబోయే మనిషి లాగా.

"పిన్నిగారూ," అంది మిస్ ప్రూయిట్ నాతో, "మీ వయసెంత?"

"ముప్పై."

"మీ అక్క కూతురి వయసు?"

"ముప్పై నాలుగు."

మిస్ ప్రూయిట్ స్వెట్టర్ల మీద వెర్నా పక్కనే కూలబడింది. ఏడుస్తుందని నేననుకోలేదు. కళ్లజోడు తీసి గౌను అంచుతో తుడుచుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది. "నా ఉద్యోగం పోతుంది. ఇంత పెద్దావిడ కోసం ఆరు వారాలు రోజూ షూటింగ్ మార్పించాను. అందరి ముందూ మిమ్మల్ని గోడ వైపు తిరిగి నిలబడమన్నాను. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవాళ్లని!"

"గోడ వైపు నిలబడ్డం నాకు బాగానే ఉంది టీచర్," అంది వెర్నా. అది అబద్ధం కాదు. ఆ రోజు గదికొచ్చి ఆ సంగతి నాకు మురిసిపోతూ చెప్పింది.

"నేను వెళ్లి డెలానీగారికి చెప్పేస్తాను. చెప్పక తప్పదు నాకు. ఇంకెవరో చెప్పేకంటే..."

"మీరెందుకు చెప్పాలి?" వెర్నా లేచింది. "వయసు నాది. నేనే చెబుతాను."

నేను చెయ్యి పట్టుకున్నాను. "ఏమే, మతి పోయిందా? సినిమా ఇంకో పది రోజుల్లో అయిపోతుంది. ఐలీన్ నోట్లో రెండు గమ్ బిళ్లలు కుక్కితే అదే ఊరుకుంటుంది."

"టీచరు ఉద్యోగం పోతుంది ఓపల్." చాలా రోజుల తర్వాత నన్ను పిన్నీ అనలేదు. "ఆవిడ నాకు భిన్నాలు నేర్పింది."

ముగ్గురం సెట్టు మీదికి వెళ్లాం. అక్కడ ఆఖరి పాట రిహార్సలు జరుగుతోంది. బడి పట్టాలిచ్చే రోజు పాట. అందరూ నల్ల గౌన్లు, చదరపు టోపీలు పెట్టుకుని బల్లల మీద ఉన్నారు. మగపిల్లలు సగంమంది సైన్యంలో చేరిపోవడంతో వెనక వరసలో ఆడపిల్లలకే ప్యాంట్లు తొడిగి, జుట్టు టోపీల్లోకి దోపి మగపిల్లల్ని చేశాం. వెర్నా నేరుగా డెలానీ కుర్చీ ముందు నిలబడింది. పియానో ఆగింది.

"మాస్టారూ, మీకో సంగతి చెప్పాలి. నా వయసు పందొమ్మిది కాదు."

"పదహారని ఆ టీచరమ్మ చెప్పిందిగా," అన్నాడు డెలానీ కాఫీ తాగుతూ.

"పదహారు కూడా కాదు. ముప్పై..." అంకె బయటికి రాలేదు. జీవితంలో ఎప్పుడూ అనని మాట కదా, నోటికి అలవాటు లేదు. "ముప్పై దాటాయి," అంది చివరికి.

డెలానీ కప్పు కింద పెట్టాడు. వెర్నా కళ్లు మూసుకుంది. నేను మిస్ ప్రూయిట్ చెయ్యి నలిపేస్తున్నానని తర్వాత ఆమె చెబితే తెలిసింది.

"ఇరవై ఏళ్లుగా డాన్స్ నేర్పుతున్నాను," అన్నాడు డెలానీ. "మోకాళ్లు చూస్తే తెలీదనుకున్నావా? టీచరమ్మ నిన్ను పదహారంటే నవ్వు ఆపుకోలేక బయటికెళ్లి వచ్చాను. నువ్వు బడికి పోతున్నావంటే, ఏదో సరదా పడుతోంది, పోనీ అనుకున్నా."

"మరి... పాతికేళ్ల నియమం?"

"ఏ నియమం?" ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు. "పాతికేళ్ల లోపు వాళ్లంతా విమానాల ఫ్యాక్టరీలకి పోయారు తల్లీ. అబ్బాయిలు ఓడల మీద ఉన్నారు. నియమం పట్టుకుని కూచుంటే ఈ బల్లలతోనే డాన్స్ చేయించుకోవాలి. వెనక వరస! మీలో ముప్పై దాటినవాళ్లెవరు?"

అందరూ తమ బూట్ల వంక చూసుకుంటున్నారు. డెలానీ, "పోనీలెండి, నాకు చెప్పకండి," అన్నాడు. అప్పుడు మగపిల్లాడి ప్యాంటులో ఉన్న ఒకామె టోపీ తీసి, "నాకు ముప్పై ఆరు," అంది. పక్కనున్నామె, "అయ్యో, నేను నిన్ను ఇరవై రెండనుకుని ఇన్నాళ్లూ కుళ్లుకుని చచ్చానే!" అంది. ఇంకొకామె తనకి పెళ్లీడు కూతురుందని చెప్పింది. ఒకర్నొకరు చూసుకుని పగలబడి నవ్వారు. బల్లలకి చక్రాలున్నాయి కదా, ఆ నవ్వులకి అవి కూడా అటూ ఇటూ కదిలాయి.

నాకు సిగ్గేసింది. ఏడాదిగా ఆ వెనక వరస వాళ్ల నడుముల దగ్గర కుట్లు విప్పి వదులు చేస్తోంది నేనే. అందరికీ చేశాను. ఒక్కరి గురించి కూడా ఆలోచించలేదు, వెర్నా ఒక్కతే అనుకున్నాను.

అంతలో డెలానీకి ఇంకో సంగతి తట్టింది. మిస్ ప్రూయిట్ వైపు తిరిగాడు. "అయితే రోజూ ఆ మూడు గంటలు..."

"తప్పు ఆవిడది కాదు మాస్టారూ," అంది వెర్నా గబుక్కున. "కాగితం ఉండి కూడా చూపించనిది నేనే."

ఆయన మిస్ ప్రూయిట్ ఎర్రబడ్డ కళ్లు చూశాడు, నా నెరిసిన జుట్టు చూశాడు, పెద్దగా నిట్టూర్చాడు. "పైవాళ్లకి ఎవరూ చెప్పకండి. ఐలీన్‌కి జలుబు చేసి ఆలస్యమైందని చెబుదాం. ఏమ్మా ఐలీన్?"

ఐలీన్ వెంటనే అందంగా తుమ్మింది. అందుకే ఆ పిల్ల హీరోయిన్ అయింది.

ఆ సాయంత్రం గదిలో వెర్నా మంచం మీద వెల్లకిలా పడుకుని ఉత్తినే నవ్వుతూ ఉండిపోయింది. మధ్యమధ్య కళ్లు తుడుచుకుంది. గుడ్డు, టోస్టు చేసుకుని, రేషను పంచదార మొత్తం కాఫీలో వేసేసుకుని తాగాం. ఇక భయం లేదు, పని పోదు, వయసు పోల్చుకుంటారని మొహం పక్కకి తిప్పుకోనక్కర్లేదు. కొంచెంసేపయ్యాక ఆమె నవ్వు ఆగింది.

"ఓపల్, రేపు బళ్లో నదులు అయిపోయి కొండలు మొదలవుతాయి."

"అయితే?"

"నేను చిన్నపిల్లని కాదుగా. నన్నిక రానివ్వరు."

ముప్పై నాలుగేళ్లకి ఆరు వారాలు బడి దొరికింది. ఉద్యోగం నిలబెట్టిన నిజమే బడి పోగొట్టింది. దుప్పటి ఆమె మీదికి లాగి, "నిద్రపోవే," అన్నాను.

మర్నాడు భోజనాల వేళకి వెర్నా కనిపించలేదు. క్యాంటీన్‌లో లేదు, సెట్టు మీద లేదు. నాకు తెలిసిన చోటు ఒకటే ఉంది కాబట్టి అటు వెళ్లాను. చెక్క గది కిటికీ తెరిచే ఉంది. నా పాత కుర్చీ గుమ్మం బయటే ఉంది, అలవాటు కొద్దీ కూర్చున్నాను. లోపల పిల్లలు తిండి తింటున్నారు. వెర్నా చేతిలో శాండ్‌విచ్ పొట్లంతో ముందు నిలబడి ఉంది.

"చట్టం పద్దెనిమిది నిండేదాకా బడికి రావాల్సిందే అంటుంది," అంటోంది మిస్ ప్రూయిట్. "అది నాకు కంఠతా వచ్చు. పద్దెనిమిది దాటినవాళ్లు భోజనం టైములో రాకూడదని అందులో ఎక్కడా లేదు. రాత్రంతా వెతికాను. కూర్చోండి."

"కూర్చోండి కాదు టీచర్. కూర్చో అనండి."

మిస్ ప్రూయిట్ గొంతు సవరించుకుంది. హాజరు పుస్తకంలో కొత్త పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. "సరే. కొత్తగా చేరుతున్నావు కాబట్టి మొదటినుంచీ అడుగుతాను. పేరు?"

"వెర్నా హాస్కెల్."

"వయసు?"

నేను కుర్చీలో ముందుకి వంగాను. లోపల నమలడం ఆగిపోయింది.

"ముప్పై నాలుగు," అంది వెర్నా.

"అబ్బో, మా అమ్మకంటే పెద్ద!" అంది ఐలీన్.

అందరూ నవ్వారు. వెర్నా ఆఖరి బెంచీకి వెళ్లి, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. మిస్ ప్రూయిట్ రాసుకోవడం అయిపోయింది, కొండల మ్యాపు విప్పుతోంది. ఎవరూ మళ్లీ అడగలేదు. అయినా వెర్నా ఇంకోసారి చెప్పింది.

"ముప్పై నాలుగు."